బుల్లిమేస్త్రి పెట్టిన పచ్చ

లోకమంతా గోరంతను కొండంత చేస్తుంటే, కొండంతను గోరంత చేసి జీతం పుచ్చుకునేవాడు బుల్లిమేస్త్రి. ఆరంతస్తుల ఆసుపత్రి అతని చేతిలో అగ్గిపెట్టె. నగరం ఈ చివరనుంచి ఆ చివరకు పారే కాలువ ఒక నీలం ప్లాస్టిక్ ముక్క. రేపు నగరంలో ఏం కట్టబోతున్నారో, ఏం పడగొట్టబోతున్నారో పెద్దలకు ముందుగా చూపించడానికి నగరాభివృద్ధి సంస్థవాళ్లు అట్టతో, చెక్కతో, రంగు వేసిన స్పాంజితో బొమ్మ నగరాలు చేయిస్తారు. వాటికి నమూనాలని పేరు. అవి చేసే గది మూడో అంతస్తులో లిఫ్టు వెనకాల ఉంది. కిటికీ లేదు. జిగురు వాసన బయటికి పంపడానికి గోడలో ఒక ఫ్యాను పెట్టారు. అది వాసనను పంపదు గాని వీధిలోని దుమ్మును మాత్రం శ్రద్ధగా లోపలికి తెస్తుంది. ఆ గదిలో ఏళ్ల తరబడి ఒంటరిగా ఇళ్లు కడుతున్నాడని ఆఫీసు డ్రైవర్లు అతనికి బుల్లిమేస్త్రి అని పేరు పెట్టారు. అదే స్థిరపడిపోయింది.

మనిషి మాత్రం బుల్లి కాదు. తల వంచితే తప్ప గుమ్మాల్లో పట్టనివాడు. అంత మనిషి పట్టకారుతో ఒక కిటికీ రెక్క పట్టుకుని బల్లమీదికి వంగితే ఏనుగు ఆవగింజలు ఏరుకుంటున్నట్టు ఉండేది. అతని కొలతలో మనిషంటే సగం బియ్యపు గింజ. మనుషులను ఎప్పుడూ చివర్లో అతికిస్తారు, అదీ తెల్లరంగు వేసి. పార్కుల్లో, కొత్త బస్టాపుల దగ్గర నలుగురిని నిలబెడితే నగరం కళకళలాడుతున్నట్టు కనబడుతుంది. మిగతాచోట మనుషులు అక్కర్లేదు.

అతనికి ఈ విద్య నేర్పిన గురువు ఎవరూ లేరు. నేర్పింది వాళ్లక్క ఇస్త్రీ బల్ల. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ని పెంచే పని అక్కమీద పడింది. ఆమె వీధివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది. కొత్త చొక్కాల్లో మడత నిలబడడానికి పెట్టే అట్టలుంటాయి చూడండి, వాటిని తీసి తమ్ముడి ముందు పడేసేది, ఏడవకుండా ఉంటాడని. వాడు వాటిని కత్తిరించి ఇళ్లు చేసేవాడు. ఆ చొక్కా అట్టల మేడలే పెద్దయ్యాక ఉద్యోగం తెచ్చిపెట్టాయి. అక్క మొగుడు పెళ్లయిన కొత్తలోనే జ్వరమొచ్చి పోయాడు. తమ్ముడు పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "పిల్ల దొరికిందక్కా, కానీ స్కేలుకి కుదరలేదు" అని నవ్వేసేవాడు. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ముందు రేకు వసారాలో ఇస్త్రీ బల్ల, వెనక ఒక గది, పక్కన వంటకింత చోటు. పొద్దున్నే అతను బయల్దేరుతుంటే ఆమె తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని, ఇస్త్రీపెట్టె మీంచి కళ్లు ఎత్తకుండానే అనేది:

"వెళ్లిరా. పచ్చగా ఉండు."

అందరూ అనే మాటే. కానీ అదొక్కటీ వినకుండా అతను ఏనాడూ వీధి దాటలేదు.

వాళ్లున్న వీధిని వంపు అనేవారు. కాలువ ఎడమకు తిరిగేచోట, పాత గోదాముల వెనక, ఒకరి భుజం ఒకరికి ఆనించి నిలబడ్డట్టు నలభై ఇళ్లు. వీధి మొదట్లో రెండు గోదాముల గోడలు ఎంత దగ్గరగా వచ్చాయంటే గొడుగు ముడిచి నడవాలి. ఆ ఇరుకే వాళ్లను చాలాకాలం కాపాడింది. నగరాన్ని కొలవడానికి వచ్చిన సర్వేవాళ్లు మూడు కాళ్ల బల్ల మీద దుర్భిణీ పెట్టి కొలుస్తారు. ఆ మూడు కాళ్లూ చాపడానికి వంపు మొదట్లో చోటు చాలలేదు. రెండుసార్లు ప్రయత్నించారు, మూడోసారి టీ తాగి వెళ్లిపోయారు. అందుచేత నగరం పటంలో వంపు ఉండాల్సినచోట ఏ గీతా లేదు, తెల్లగా ఉంది.

నమూనాలు చేసేవాళ్లకు ఒక సూత్రం ఉంది. పటంలో ఏది తెల్లగా ఉంటే నమూనాలో అది పచ్చ. ఖాళీ చెక్క కనబడితే నమూనా బోసిగా ఉంటుంది కాబట్టి దానిమీద పచ్చపొడి చల్లుతారు, నాలుగు స్పాంజి చెట్లు గుచ్చుతారు. సూత్రం ప్రకారమే బుల్లిమేస్త్రి అంతకుముందు చేసిన ప్రతి నమూనాలోనూ తన ఇంటిమీద తనే పచ్చపొడి చల్లాడు. ఇంటికొచ్చి, "అక్కా, ఇవాళ మనింటిమీద చెట్టు నాటాను" అనేవాడు. "కాయలు కాసినప్పుడు చెప్పు" అనేది ఆమె. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు ఎంత ఖరీదైందో ఇద్దరికీ తెలియదు.

అప్పుడు సుస్థిర నగరం వచ్చింది.

అది కొత్త ప్రణాళిక పేరు. వానకు మునగని వీధులు, ఎండకు కాలని ఇళ్లు, ఇంటినుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో బడి, పార్కు, బస్సు. కాగితం మీద చదివితే ఎవరికైనా నోరూరుతుంది. దానికోసం ఇదివరకెన్నడూ లేనంత పెద్ద నమూనా చేయమన్నారు. హాల్లో అద్దాల పెట్టెలో పెడతారట. సంస్థ ఛైర్మన్ చూస్తాడు, ఆ తర్వాత దేశదేశాల అతిథులు చూస్తారు, ఆ తర్వాత జనం కూడా చూడొచ్చు.

ఈ సంగతి విన్న రాత్రి భోజనాల దగ్గర అక్క అడిగింది.

"సుస్థిర అంటే ఏంట్రా?"

"ఎప్పటికీ కదలకుండా ఉండేదక్కా."

"మరైతే మనిల్లు కూడా పెట్టొచ్చుగా అందులో. జనాన్ని కూడా రానిస్తారన్నావు. నా ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి పైనుంచి చూసుకుంటాను. ఎప్పుడూ కిందనుంచే చూశాను, అదీ రేకు కారుతున్నప్పుడు."

ఆమె అంతవరకు తమ్ముణ్ని ఏదీ అడగలేదు. చీటికీ మాటికీ అడిగే మనిషైతే అతను కూడా ఆ మాటను గాలికి వదిలేసేవాడు. అదీ అసలు చిక్కు.

వీధికి ఈ మాట ఎలా పాకిందో గాని మర్నాటికల్లా పాకింది. వంపులో పెద్దమనిషి పాలతాత. ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేస్తాడు, వాటితోపాటు సలహాలు కూడా వేస్తాడు. ఆయన తేల్చేశాడు. "బొమ్మలో ఉంటే లెక్కలో ఉన్నట్టే. లెక్కలో ఉన్నవాణ్ని కదపడం ఎవడి తరం? ఇన్నాళ్లూ మనం లేనివాళ్లం. మేస్త్రీ, మమ్మల్ని ఉన్నవాళ్లని చెయ్యి."

ఇక చూసుకోండి. నిన్నటిదాకా 'బొమ్మలు చేసుకునేవాడు' అని నవ్వినవాళ్లే ఇవాళ దారి కాచారు. మా ఇంటికి మెట్లు మూడు, మర్చిపోకు అని ఒకరు. మా తలుపు నీలం, ఆకుపచ్చ వేసేవు అని ఒకరు. మా మేడమీద సగం కట్టిన గది ఉంది, పూర్తయినట్టే పెట్టు తమ్ముడూ అని ఇంకొకావిడ. బుల్లిమేస్త్రికి తల తిరిగింది. పొగడ్తకు పొంగనివాడు ఉంటాడేమో గాని, అతను ఆ రకం కాదు. పాపం, అంత పెద్ద శరీరంలో మెప్పు కోసం ఆకలి కూడా అంతే పెద్దది.

అయినా ఆఫీసులో ఒక మాట అడిగాడు. ప్రణాళిక పనంతా చూసే ఆవిడను ప్లానింగు మేడం అంటారు. ఎప్పుడూ తెల్లచొక్కా, చెవిలో పెన్సిలు, ముఖంలో నవ్వు ఉండదు.

"మేడం, ఇక్కడ వంపు దగ్గర ఇళ్లున్నాయి."

"పటంలో ఉన్నాయా?"

"లేవు మేడం. కానీ ఉన్నాయి."

ఆమె పెన్సిలు తీసి మళ్లీ చెవిలో పెట్టుకుంది. "పటంలో లేకపోతే ఏం చెయ్యాలో మీకు తెలుసు మేస్త్రీ. పచ్చ పెట్టండి. ఎప్పుడూ పెట్టేదే కదా." ఒక క్షణం ఆగి, "ఈసారి కూడా పచ్చే పెట్టండి" అంది. ఆ రెండోసారి చెప్పడం ఎందుకో అతను ఆలోచించలేదు. కుర్చీలో కూచున్నవాళ్లకు ఇళ్లు కనబడవులే అనుకున్నాడు, అంతే.

పెద్ద నమూనాను ఒకే ముక్కగా చేయరు. బల్లల్లాంటి పలకలుగా చేసి చివర్లో హాల్లో కలుపుతారు. వంపు ఉన్న పలకను అతను అన్నిటికన్నా చివర చేశాడు. పెద్ద పెద్ద మేడలకు తెల్ల అట్ట కోసి అతికిస్తే సరిపోతుంది. వాటికి ముఖాలుండవు, అందరూ ఒప్పుకున్న సంగతే. వంపుకి మాత్రం అతను ముఖాలు పెట్టాడు. నీలం టార్పాలిన్లకు చాక్లెట్ కాగితం. రేకులకు సిగరెట్ పెట్టెలో వెండికాగితం, చీరేసి, తుప్పు రంగు పూసి. మూడు మెట్లున్న ఇంటికి మూడు మెట్లు. సగం కట్టిన గదిని ఆవిడ అడిగినట్టే పూర్తి చేశాడు. అసలు గదిలో వాన పడ్డప్పుడు దీన్ని తలుచుకుని నవ్వుకుంటుందిలే అని. అక్క ఇల్లు అన్నిటికన్నా ఆఖరున కట్టాడు. దానికి చొక్కా అట్టే వాడాడు. వసారా కింద ఇస్త్రీ బల్ల, బల్ల వెనక సగం గింజంత అక్క. మనుషులకు తెల్లరంగు తప్ప వేయకూడదు. అతను కుంచెలో ఒకే ఒక్క వెంట్రుక మిగిల్చి, ఊపిరి బిగబట్టి, ఆమె తలమీద ఎర్రచుక్క పెట్టాడు. ఆ ఇంటికి మామూలు జిగురు కాదు, చెక్కకు చెక్క అంటించే జిగురు వాడాడు. సుస్థిరంగా ఉండాలని.

ఛైర్మన్ రావలసిన పొద్దున ఆ పలకను తెచ్చి బిగించాడు. మేడం చూసింది. పలక విప్పమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఏదో అనబోయింది. అప్పటికే వరండాలో బూట్ల చప్పుడు వినబడుతోంది.

ఛైర్మన్ గారు చెడ్డమనిషి కాదు, ఈ మాట ముందే చెప్పాలి. చెడ్డవాడైతే ఈ కథ వినడం ఎంతో తేలిక. మెత్తటి గొంతు. గుమాస్తానైనా మీరంటాడు. నమూనా చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. తెల్ల మేడలు చూశాడు, తలూపాడు. తెల్ల వంతెనలు చూశాడు, తలూపాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఆగడా మరి! ఆ నగరం మొత్తంలో ప్రాణంతో ఉన్నట్టు కనబడేది అదొక్కటే. కళ్లజోడు సర్దుకుని వంగాడు.

"అబ్బ! ఎంత బాగుందండీ! చూడండి, బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఎవరు చేశారిది?"

"నేనే సార్" అన్నాడు బుల్లిమేస్త్రి.

"ఊహించి చేశారా?"

ఇక్కడ ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. అవును సార్, అలంకారానికి పెట్టాను అంటే, బాగుందని భుజం తట్టి ముందుకు పోయేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూసుకుంటే కూడా ఊరు మంచిదే అవుతుందని మనవాడికి ఎవరూ చెప్పలేదు.

"ఊహ కాదు సార్, ఉంది. వంపు అంటారు. నలభై ఇళ్లు. నేనూ అక్కడే ఉంటాను. ఆ ఎర్రగుడ్డ మా అక్క."

"అలాగా!" ఛైర్మన్ గారు నిజంగానే సంతోషించాడు. "మరి కాలువకు ఇంత దగ్గరగా ఉన్నారే. వానొస్తే నీళ్లు ఎటు పోతాయి?"

"మా ఇళ్లల్లోకే సార్" అన్నాడు బుల్లిమేస్త్రి, నవ్విద్దామని.

అందరూ నవ్వారు. ఛైర్మన్ గారు కూడా నవ్వాడు. నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మేడం వైపు తిరిగాడు. "చూశారా, వాళ్లే చెబుతున్నారు. ఇలాంటిచోట మనుషుల్ని ఉంచడం పాపం కదండీ. ఇన్నాళ్లూ మనకు తెలియలేదు. ఈ నేల నీటిది. నీటికే వదిలేయాలి. ఇక్కడ చక్కగా చెట్లు, గడ్డి, పిల్లలు ఆడుకోవడానికి చోటు. వీళ్లకు ఎక్కడైనా మంచి ఇళ్లు ఇద్దాం." మళ్లీ బుల్లిమేస్త్రి వైపు తిరిగి భుజంమీద చెయ్యి వేశాడు. "మీ చేతిలో కళ ఉంది. రేపు అతిథులొచ్చేలోగా ఇది పచ్చగా చేసేయండి."

ఆయన అన్నదాంట్లో ఒక్క మాటైనా తప్పుందేమో చూడండి. కనబడదు. వంపులో వానాకాలం మంచాలు ఇటుకలమీదికి ఎక్కుతాయన్న మాట నిజం. చిన్నపిల్లలకు జ్వరాలొస్తాయన్న మాట నిజం. నిజం చేత ఇళ్లు కూల్పిస్తే అడిగే నాథుడుండడు.

అందరూ వెళ్లాక మేడం మిగిలింది.

"ఆ ఇళ్లున్నాయని నాకు తెలియదనుకున్నారా?" అంది. గొంతు పెంచలేదు. "నేను చేరిన మొదటి ఏడాదే నడిచి వెళ్లి చూశాను. సర్వేవాళ్లు వదిలేశారని తెలిసి నేనూ వదిలేశాను. పచ్చగా ఉన్నచోట పార్కు పెట్టమని ఎవరూ అడగరు మేస్త్రీ, అప్పటికే ఉందనుకుంటారు కాబట్టి. మీ వీధి ఇన్నేళ్లూ దాని కిందే బతికింది. పచ్చ పెట్టమని రెండుసార్లు చెప్పాను."

"ఒక్క మాట విడమరిచి చెప్పకూడదా మేడం?"

"ఏమని చెప్పను? తప్పుడు నమూనా చేయండనా? నా ఉద్యోగం నాకుండాలి కదా." పెన్సిలు చెవిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమెకు జాలి ఉంది, తన కుర్చీకి ప్రమాదం లేనంత వరకు ఉంది. అంతమాత్రం జాలి ఉన్నవాళ్లు కూడా ఆ భవనంలో ఇంకెవరూ లేరు.

బుల్లిమేస్త్రి సన్నకత్తి తీసుకున్నాడు. ఇళ్లు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. మూడు మెట్లు ఊడాయి, నీలం తలుపు ఊడింది, మేడమీద గది ఊడింది. వాటిని పక్కన కాగితం మీద కుప్ప పోశాడు. అక్క ఇల్లు మాత్రం రాలేదు. కత్తి మొన విరిగింది గాని చొక్కా అట్ట కదల్లేదు. ఇంకా గట్టిగా పీకితే కింద చెక్క లేచిపోయేట్టుంది. మేడం మళ్లీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూస్తోంది. అతను పెద్ద స్పాంజి ముక్క ఒకటి తుంచి, ఆకుపచ్చలో ముంచి, ఇంటిమీద బోర్లించి నొక్కాడు. ఎర్రచుక్కతో సహా లోపలికి పోయింది. చుట్టూ పచ్చపొడి చల్లాడు. చూడ్డానికి బాగుంది. మిగతా చెట్లకంటే అదొక్కటీ కాస్త ఎత్తుగా, బొద్దుగా కనబడింది, అంతే.

ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? అప్పటికే వీధంతా ఎదురుచూస్తోంది.

"పెట్టావా?" అంది అక్క.

"పెట్టానక్కా."

"నన్ను కూడానా?"

"నిన్ను కూడా."

"పిచ్చోడివి" అని ఆమె మురిసిపోయింది. ఎప్పుడు చూపిస్తావని అడిగింది. హాలు తాళాలు ఇంకా తీయలేదన్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రతిసారీ తాళాలు తీయలేదు.

ఈసారి సర్వేవాళ్లు మూడు కాళ్ల బల్లతో రాలేదు. గాల్లో ఎగిరే కెమెరా పంపారు. ఆదివారం పొద్దున అది తుమ్మెదలా రొద పెడుతూ ఇళ్లమీద తిరుగుతుంటే పిల్లలు కేకలు వేస్తూ దాని వెంట పరుగెత్తారు. పాలతాత బొమ్మలో ఉన్న ఫలితం చూశారా అని అందరికీ చెప్పాడు. అక్క ఎర్రగుడ్డ విప్పి, మళ్లీ మడతలు లేకుండా చుట్టుకుని, వసారాలోంచి బయటికొచ్చి, ఆకాశం వైపు చెయ్యి ఊపింది. లోపల కిటికీ పక్కన నిలబడి బుల్లిమేస్త్రి అది చూశాడు. అప్పుడైనా బయటికొచ్చి చెప్పొచ్చు. చెప్పలేదు. పిరికితనానికి ఒళ్లెంత పెద్దదైతే ఏం!

తర్వాతవి త్వరత్వరగా జరిగిపోయాయి. గోడలమీద నోటీసులు పడ్డాయి. యంత్రాలు పట్టేందుకు మొదట గోదాముల గోడ కూల్చారు. దుర్భిణీ కాళ్లకు చాలని దారి ఒక్కపూటలో లారీలు పట్టేంత వెడల్పయింది. పడగొట్టే రోజున ఆఫీసు డ్రైవరొకడు మాట జారాడు, ఛైర్మన్ గారికి వంపు కనబడింది మీ మేస్త్రి బొమ్మలోనే కదా అని. సామాన్ల మధ్య నిలబడ్డ పాలతాత అది విని, బుల్లిమేస్త్రి ముఖం మీదికి వచ్చి ఉమ్మేశాడు.

"లేనివాళ్లుగా ఉన్నప్పుడు ఇళ్లుండేవిరా. ఉన్నవాళ్లని చేసి ఊడబీకించావు."

చెయ్యమన్నది తానేనన్న సంగతి పాలతాతకు గుర్తు లేదు. అలాంటివి గుర్తుండవు.

"నోర్ముయ్యి తాతా!" అక్క మధ్యలోకి వచ్చింది. "వాడేం చేస్తాడు? వాడు జీతగాడు. వాడు బొమ్మలో పెట్టబట్టే మనకి ఫ్లాట్లన్నా ఇస్తున్నారు." తన చెంగుతో తమ్ముడి ముఖం తుడిచింది. అతను ఆ తుడుపు కింద కళ్లు మూసుకున్నాడు.

ఫ్లాట్లు నగరం అంచున, బస్సు దిగి చాలాదూరం నడిస్తే వస్తాయి. వాళ్లకు తొమ్మిదో అంతస్తు వచ్చింది. నీళ్లు రావు, వరదగానీ కుళాయిగానీ. వరండాలో ఇస్త్రీ బల్ల పెడితే కాపలావాడు తీయించేశాడు. దారికి అడ్డం పెట్టకూడదని నియమం. లోపల పెడితే తొమ్మిది అంతస్తులెక్కి బట్టలు ఎవరు తెస్తారు? అక్క కొన్నాళ్లు తమ్ముడి చొక్కాలే ఇస్త్రీ చేసింది, చేసిందే మళ్లీ చేసింది. తర్వాత పెట్టె అటకెక్కింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూచునేది. కిందనుంచి మాత్రమే చూశానని బెంగపడిన మనిషికి ఇప్పుడంతా పైనుంచే. చూడడానికి ఖాళీ నేల, ఆవల ఇంకో మేడ, దానికి కూడా ముఖం లేదు.

సుస్థిర నగరానికి ఏదో బహుమతి వచ్చింది. ఆ సంతోషంలో బుల్లిమేస్త్రి ఉద్యోగాన్ని పర్మినెంటు చేశారు. మొత్తమ్మీద సుస్థిరమైంది అదొక్కటే.

వంపు సంగతా? ఇల్లు పీకి పందిరేశారని సామెత. ఇక్కడ పందిరి కూడా వేయలేదు. రాళ్లు ఎత్తేశారు, కంచె కట్టారు, నవ్వుతున్న పిల్లల బొమ్మతో ఒక బోర్డు పెట్టారు. ఆ తర్వాత ఎవరికీ అటు చూసే తీరిక లేకపోయింది. వానొస్తే నీళ్లు వచ్చి ఎవరూ లేరని చూసుకుని వెళ్లిపోయేవి. గడ్డిపరక మొలవలేదు.

హాలు జనానికి తెరిచారన్న సంగతి అక్కకు టీవీలో తెలిసింది. ఇక తాళాల మాట చెల్లలేదు. ఆమె అటకమీంచి పెట్టె దింపింది. తన బట్టలు తనే ఇస్త్రీ చేసుకుంది. ఎర్రగుడ్డ కూడా ఇస్త్రీ చేసి, పెళ్లికి వెళ్తున్నట్టు, తలకు చుట్టుకుంది. దారంతా బస్సులో మాట్లాడుతూనే ఉంది. ఇల్లు పోతే పోయింది, బొమ్మలోనన్నా మిగిలింది కదా, అది పడగొట్టలేరుగా అంది. బుల్లిమేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు.

అద్దానికి చేతులు ఆనించకూడదని కాపలావాడు చెప్పాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నమూనా చుట్టూ తిరిగింది. మేడలు చూసి అబ్బో అంది. నీలం కాలువ దొరకబుచ్చుకుని దాని వెంట నడిచింది. ఎడమ మలుపు దగ్గర ఆగింది. వంగింది. చాలాసేపు వెతికింది.

"ఏదిరా?"

అతను కాలువ మలుపు వైపే చూస్తున్నాడు.

"కళ్లు ఆనడం లేదు నాకు. ఇక్కడేగా వంపు? అంతా పచ్చగా ఉందేంటి? మనిల్లు ఏది?"

"ఆ ఎత్తు చెట్టు ఉంది చూడక్కా. దాని కింద ఉంది. ఊడి రాలేదు."

ఆమె చెట్టును చూసింది. తర్వాత తమ్ముడి చేతులు చూసింది. ఆ చేతులను పెంచింది ఆమే, వాటి సంగతి ఆమెకు చెప్పక్కర్లేదు.

"చెట్టు నువ్వే పెట్టావా?"

"నేనే."

"ఇంతకుముందు బొమ్మల్లో కూడా చెట్టే పెట్టేవాడివి కదా. అప్పుడు ఎవరూ రాలేదు."

"రాలేదు."

"నేను అడిగానని ఇల్లు పెట్టావు."

ఆమె నడుం నిలబెట్టుకుని, తలమీది గుడ్డ మెల్లగా విప్పి, మడత పెట్టి, సంచిలో వేసుకుంది.

"నేను ఉన్నానా లోపల?"

"ఉన్నావక్కా."

"ఊపిరాడుతోందా అని అడుగుదామనుకున్నాను. పోనీలే" అంది. అని నవ్వింది. అక్క నవ్వు అతను లెక్కలేనన్నిసార్లు విన్నాడు. ఇది ఆ నవ్వు కాదు. "రోజూ పొద్దున్నే పచ్చగా ఉండమని దీవించాను కదరా. అనేముందు మన కొలతలో పచ్చంటే ఏంటో చూసుకోవాల్సింది."

ఆ రాత్రి ఇద్దరూ మామూలుగానే తిన్నారు. అతను ఏడ్చాడు, ఆమె ఏడవలేదు. మర్నాడు పొద్దున అతను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బస్సుకు టైమవుతోంది. అయినా కదల్లేదు. తిడితే బాగుండునని ఉంది. ఏమీ అనకపోయినా బాగుండునని ఉంది. అక్క కిటికీ దగ్గర కుర్చీలోంచి లేచి, అతని చొక్కా కాలర్ సర్ది, ముఖంలోకి సూటిగా చూస్తూ, ఎప్పటి గొంతుతోనే అంది:

"వెళ్లిరా. పచ్చగా ఉండు."

ఇప్పటికీ రోజూ అంటుంది. ఒక్కరోజు మానదు. ఇంక అనకక్కా అని చెప్పే ధైర్యం బుల్లిమేస్త్రికి లేదు.